ఆటపెట్టెల పొత్తు కుదర్చబోయిన నక్క

మోసం జరిగింది ఉడుత సూరమ్మకి. ఎప్పుడంటే, ఆషాఢ బహుళ దశమి, బుధవారం, ఎండ చెట్ల మీదికి ఎక్కే వేళకి. చేసినవాడు నక్క పరంధామయ్య. పేరు దేవుడిది, బుద్ధి ఎవరిదో మీరే తేల్చుకోండి.

నల్లగుట్ట అడవి అంచున మోదుగుల సంత అని ఒకటుంది. ఆ సంతకి పేరొచ్చింది ఆకుకూరలతో కాదు, ఆటపెట్టెలతో. మీట నొక్కితే తెర మీద బొమ్మ గెంతుతుంది, ఇంకో మీట నొక్కితే తంతుంది, ఓడిపోతే మళ్లీ మొదటికొస్తుంది. పిల్లలకని కొని పెద్దలు ఆడుకునే వస్తువు. అలాంటి పెట్టెలు చేసేవాళ్లు సంత మొత్తానికి ముగ్గురే.

ఎలుగు జాంబన్న పెట్టె బండరాయంత ఉంటుంది. అందులో తేనెటీగ కనిపిస్తే దాని రెక్క మీద గీతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఆ మాట ఆయన రోజుకి పదిసార్లు చెప్పేవాడు. గేదె ముర్రమ్మది పెద్ద మంద, పెద్ద చెయ్యి. ఎవరైనా మంచి ఆట కట్టారని తెలిస్తే ఆటతో పాటు కట్టినవాళ్లని కూడా కొనేసి తన కొట్టంలోకి తోలుకుపోయేది. సూరమ్మది చిన్న పెట్టె. పిడికిట్లో పడుతుంది, కొమ్మ మీద కూర్చుని ఆడుకోవచ్చు. "బొమ్మలు కాస్త మొద్దుగా ఉన్నాయమ్మా" అని ఎవరైనా అంటే, "చూడటానికొచ్చావా, ఆడటానికొచ్చావా" అనేది. ఆమె కట్టిన 'మామిడికాయ దొంగలు' ఆట ఆడనివాళ్లు ఆ అడవిలో లేరు. జాంబన్న కూడా ఆడేవాడు, గుహ ముందు తడిక మూసుకుని.

ఆటని ఒక చిన్న బిళ్లలో పెట్టి అమ్ముతారు. ఒకరి బిళ్ల ఇంకొకరి పెట్టెలో పట్టదు. పట్టకూడదనే అలా చేశారు. కుందేలు ఇంట్లో ఉడుత పెట్టె, పక్కింటి ముంగిస ఇంట్లో గేదె పెట్టె ఉంటే, స్నేహితులిద్దరూ పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవాలి. ఇంత తెలివితక్కువ ఏర్పాటుకి ముగ్గురూ కలిసి పెట్టిన పేరు వ్యాపార రహస్యం.

ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. అయినా ఒక్క విషయంలో మాత్రం సంత నడిబొడ్డున, అందరూ చూస్తుండగా ప్రమాణం చేసుకున్నారు. ఒకరి పెట్టె ఇంకొకరు విప్పి చూడకూడదు. విప్పినట్టు తేలితే, ఎవరి పెట్టె విప్పారో వాళ్లు కోరిన మీదట, విప్పినవాళ్లు ఏడాది పాటు సంతలో అంగడి పెట్టకూడదు. ఆ ప్రమాణానికి కాపలాగా ఒక్కొక్కరూ ఒక్కో రకం స్క్రూలు చేయించుకున్నారు. జాంబన్న స్క్రూ తల మీద మూడు రేకులు, ముర్రమ్మ దాని మీద రెండు చిల్లులు, సూరమ్మ దాని మీద ఐదు మూలల చుక్క. వాటిని తిప్పే పనిముట్టు ఏ కొట్లోనూ దొరకదు.

పరంధామయ్యకి పెట్టె లేదు, ఆట లేదు. భుజాన ఒక సంచి, నోట్లో 'మనం మనం' అనే మాట, అంతే ఆస్తి. బుధవారం నాడు ఆ ఆస్తి వేసుకుని సూరమ్మ చెట్టు కిందికొచ్చాడు.

"చెల్లెమ్మా, కాస్త కిందికి దిగు. పైకి అరిచి చెప్పే విషయం కాదు."

"పనిలో ఉన్నాను. అక్కడి నుంచే చెప్పండి, నా చెవులు బాగానే పనిచేస్తాయి."

"జాంబన్నా, ముర్రమ్మా కలిసిపోయారు."

సూరమ్మ నవ్వింది. "వాళ్లిద్దరూ ఒక వాగులో నీళ్లు తాగరండీ. ఒకరు తాగుతుంటే ఇంకొకరు ఎగువకి పోయి బురద చేస్తారు."

"మొన్నటి మాట అది. ఇదిగో, చూడు." సంచిలోంచి ఒక కాగితం తీసి విప్పాడు. దాని మీద ఒక పెట్టె బొమ్మ. "ఆయన గుండెకాయ, ఆమె గూడు. రెండూ కలిపి ఒకే పెట్టె. చింతకాయంత పలచన, వేడెక్కదు, చప్పుడు చెయ్యదు. వచ్చే నెల సంతకి దిగుతుంది. అది దిగాక నీ పిడికెడు పెట్టెని కొనేదెవరమ్మా?"

గుండెకాయ అంటే పెట్టె లోపల బొమ్మల్ని ఆడించే అసలు భాగం. జాంబన్న గర్వమంతా దాని మీదే. సూరమ్మ నవ్వు ఆగిపోయింది. చెట్టు దిగింది.

"నన్నేం చెయ్యమంటారు?"

"నేనున్నాను కదా. మూడో భాగస్వామిగా నిన్ను చేర్పిస్తాను. నీ ఆటలన్నీ ముందు నా పేరు మీద రాసి ఉంచు. పొత్తు కుదరగానే మూడింట ఒక వాటా నీది."

"మీ పేరు మీద ఎందుకు?"

"వాళ్లు నిన్ను నమ్మరు. నన్ను నమ్ముతారు."

"మిమ్మల్నెందుకు నమ్ముతారు?"

"నాకు పెట్టె లేదు కదమ్మా. పెట్టె లేనివాడికి స్వార్థం ఏముంటుంది?"

వినడానికి ఎంత బాగుందో చూడండి. ఇలాంటి మాటలు చెప్పేవాడి చేతిలో సంచి ఎంత పెద్దదో చూడాలి. భయంలో ఉన్నవాళ్లు అది చూడరు.

అయినా సూరమ్మ సంతకం చెయ్యలేదు. చిన్నప్పటి నుంచి చిరిగిన పొట్లం కాగితం దొరికినా చదివే అలవాటు ఆమెది. "ఒప్పంద పత్రమూ, ఈ బొమ్మా ఇక్కడ ఉంచండి. చదువుకుని శుక్రవారం చెప్తాను" అంది.

"చదవడమెందుకమ్మా కళ్లు నొప్పెట్టేలా? సరే, నీ ఇష్టం. నమ్మకం కింద ఆ మామిడికాయ దొంగల తల్లిబిళ్ల మాత్రం ఇచ్చిపెట్టు. నీకు మనసుందని వాళ్లకి చూపించాలి కదా."

తల్లిబిళ్ల ఒకటే ఉంటుంది. సంతలో అమ్మే బిళ్లలన్నీ దాన్ని చూసి దించినవే. అది పోతే ఆట పోయినట్టే.

ఇచ్చింది.

తెలివైనవాళ్లు భయపడినప్పుడు చేసే తప్పులు తెలివితక్కువవాళ్లు చెయ్యలేరు. వాళ్లకి అంత దూరం ఊహ పోదు.

నక్క వెళ్లాక సూరమ్మ పత్రం చదివింది. మూడు వాటాల మాట అందులో ఎక్కడా లేదు. 'ఆటలన్నియు పరంధామయ్య గారికి శాశ్వతముగా' అని మాత్రం ఉంది. తర్వాత బొమ్మ కాగితం పరిచి చూసింది. జాంబన్న గుండెకాయని ముర్రమ్మ పెట్టెలో ఎడమ మూల గీశాడు. ఒకసారి చూసింది, రెండోసారి చూసింది, మూడోసారి కళ్లు తుడుచుకుని చూసింది.

ముర్రమ్మ పెట్టెలో ఎడమ మూల ఖాళీ లేదు. అక్కడ ఇటుకంత కరెంటు దిమ్మ కూర్చుని ఉంటుంది. జాంబన్న గుండెకాయకైతే చేటంత ఫ్యాన్ తోడు లేకపోతే అరపూటలో పొగలు కక్కుతుంది. చింతకాయంత పెట్టెలో అది ఉండటమంటే ఏనుగు చీమ పుట్టలో కాపురం పెట్టడమే. ఈ బొమ్మ గీసినవాడు ఆ పెట్టెల్లో ఒక్కదాన్ని కూడా ఎప్పుడూ విప్పి చూడలేదు.

మరి సూరమ్మకెలా తెలుసు అంటారా? విప్పి చూసింది కాబట్టి. ముళ్లపంది రాల్చిన రెండు ముళ్లు ఏరుకొచ్చి, ఒకదాన్ని మూడు రేకులకి సరిపడేలా, రెండోదాన్ని రెండు చిల్లులకి సరిపడేలా నెల రోజులు అరగదీసింది. ఆ ముళ్లు తొర్రలో దూది కింద ఉన్నాయి.

ఇప్పుడు ఆమె ముందు రెండే దారులు. నోరు మూసుకుంటే ఆట పోతుంది. నోరు తెరిచి, బొమ్మ అబద్ధమని నాకెలా తెలుసో చెబితే ఏడాది పాటు అంగడి పోతుంది. ఏడాది అంగడి లేకపోతే ఉడుతని గుర్తుపెట్టుకునేదెవరు? మిగతా ఇద్దరికీ మందలున్నాయి, గుహలున్నాయి. ఆమెకి ఉన్నదల్లా ఆ అంగడే.

గురువారం పొద్దున్నే జాంబన్న గుహకి వెళ్లింది. ఆయన బయట బండ మీద దిగులుగా కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతి వేళ్లకి గుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డ రెండేళ్ల నుంచి ఉంది. అడిగితే ముల్లు గుచ్చుకుందనేవాడు.

"ఏం సూరమ్మా, ఇటొచ్చావు? కొత్త పుట్టింటికి దారి తప్పావా?"

"పుట్టిల్లేంటన్నా?"

"ముర్రమ్మ కొట్టం. మీరిద్దరూ కలిసిపోయారటగా."

సూరమ్మ ఆయన ఎదురుగా కూర్చుంది. "ఎవరు చెప్పారు?"

"ఎవరైతేనేం. నీ చిన్న పెట్టె ఆమె పెద్ద పెట్టె కడుపులో దూరుతుందట. ఇంట్లో ఉంటే పెద్దది, బయటికెళ్తే చిన్నది ఊడదీసుకుని పోవడమట."

"నువ్వు నమ్మావా?"

"నమ్మకేం చెయ్యను? బొమ్మ చూపించాడు. అయితే ఆ బొమ్మలో..." జాంబన్న ఆగిపోయి గుడ్డ చుట్టిన వేళ్ల వైపు చూసుకున్నాడు. "ఏం లేదులే."

"బొమ్మలో ఏముందన్నా?"

"ఏం లేదన్నాను కదా."

"నా పెట్టెలో బ్యాటరీ తీసి పక్కన పెట్టినట్టు గీశాడా?"

ఎలుగు చెవులు కదిలాయి.

"నా పెట్టెలో బ్యాటరీ జిగురుతో అతికించి ఉంటుందన్నా. ఊడదియ్యడం కుదరదు. ఆ సంగతి నాకు తెలుసు. నీకు తెలియాలంటే విప్పి ఉండాలి." గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "నువ్వు చెప్పలేవు కాబట్టి నేనే ముందు చెప్తాను. నీ పెట్టె నేను విప్పాను. పోయిన చలికాలంలో. ముర్రమ్మది కూడా. ఏడాది సంతకి రావద్దంటే రాను. అంగడి నీ ఇష్టం. పరంధామయ్య చెప్పే పెట్టె మాత్రం నీ చేతుల్తో కూడా తయారవదు. నీ ఫ్యాన్ ఒక్కటే దానికన్నా పెద్దది."

సూరమ్మ తోక వణుకుతోంది. జాంబన్న మెల్లగా చేతి గుడ్డ విప్పాడు. చిటికెన వేలి గోరు ఐదు మూలల చుక్కలా అరగదీసి ఉంది. దాని పక్క గోటికి రెండు మొనలు.

"స్నానం చేసినప్పుడు కూడా ఈ గుడ్డ తియ్యలేదు తెలుసా" అన్నాడు. "రెండేళ్లు. దురద."

సూరమ్మకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండిట్లో ముందు నవ్వే బయటపడింది.

"ఎప్పుడు విప్పావన్నా?"

"నువ్వు అమ్మిన మొదటి రోజే. ముంగిసని పంపి కొనిపించాను. అందులో అంత తక్కువ సామానుతో అంత ఆట ఎలా ఆడిస్తున్నావో ఇప్పటికీ అర్థం కాలేదు. ఫ్యాన్ ఏదని తలకిందులు చేసి కూడా వెతికాను."

"ఫ్యాన్ లేదు."

"అదే నాకు మింగుడుపడలేదు."

ఇద్దరూ కలిసి ముర్రమ్మ కొట్టానికి వెళ్లారు. ముర్రమ్మ కుడి కొమ్ము కొనకి ఇత్తడి కుప్పె తొడిగి ఉంటుంది, ఎడమ కొమ్ముకి ఉండదు. అది ఫ్యాషన్ అని అడవిలో అందరూ అనుకునేవాళ్లు. కొన్ని దూడలు ఒక కొమ్ముకే కుప్పె తొడుక్కుని తిరిగేవి కూడా.

ఇద్దరినీ జంటగా చూడగానే ముర్రమ్మ ముఖం మాడిపోయింది. "వచ్చారా? ఇద్దరూ కలిసి నన్ను ముంచారట. శుభలేఖ ఇవ్వడానికొచ్చారా?"

"అక్కా, ముందు ఆ కుప్పె తియ్యి" అంది సూరమ్మ.

"నా కుప్పె జోలి నీకెందుకే?"

జాంబన్న తన గోళ్లు చూపించాడు. సూరమ్మ తన ముళ్లు చూపించింది. ముర్రమ్మ నెమరు ఆగిపోయింది. తల కొట్టం స్తంభానికి ఆనించి రుద్దితే కుప్పె ఊడి పడింది. కొమ్ము కొన మూడు రేకులుగా చెక్కి ఉంది.

"ఇది నా పెట్టెకి" అన్నాడు జాంబన్న, కాస్త మురిసిపోతూ. "మరి సూరమ్మ దానికి?"

"ఆమె దానికి కొమ్మెక్కడ పడుతుంది? తొక్కి చూశాను."

"తొక్కావా?"

"మూడు తొక్కాను. మూడోది అప్పటికీ ఆడుతూనే ఉంది. ఏం పెట్టి చేస్తావే నువ్వు?"

సూరమ్మకి జీవితంలో అంత పెద్ద పొగడ్త ఎవరూ చెప్పలేదు. 

కూర్చుని లెక్క చూసుకుంటే విషయం తేలిపోయింది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, మిగతా ఇద్దరూ కలిసిపోయారని చెప్పాడు పరంధామయ్య. ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో తల్లిబిళ్ల పట్టుకుపోయాడు. ముగ్గురికీ అతని బొమ్మ అబద్ధమని లోపల తెలుసు. ఎలా తెలుసో చెప్పుకోలేక ముగ్గురూ నోళ్లు కుట్టేసుకున్నారు. ప్రమాణం తప్పినందుకు కాదు, తప్పానని ఒప్పుకోలేనందుకు ఆటలు పోయే దాకా వచ్చింది.

"ఇప్పుడు బిళ్లలు ఎలా రాబట్టాలి?" అంది ముర్రమ్మ. "కుమ్మేయనా?"

"కుమ్మితే ఎక్కడ దాచాడో చెప్పడు" అంది సూరమ్మ. "వాడంతట వాడే తెచ్చి చేతిలో పెట్టాలి. వాడికి పెట్టె గురించి ఏమీ తెలియదు. తెలియదని మాత్రం ఒప్పుకోడు. ఆ రెండూ చాలు మనకి."

శుక్రవారం పరంధామయ్య వచ్చేసరికి సూరమ్మ చెట్టు కింద ముగ్గురూ చాప వేసుకుని కూర్చున్నారు. మధ్యలో మూడు పెట్టెలు విప్పి ఉన్నాయి. వేరుశనక్కాయలు వలుచుకుంటున్నారు. నక్క అడుగు ఒక్క క్షణం తడబడింది. ఒక్క క్షణమే, మహానుభావుడు వెంటనే సర్దుకున్నాడు.

"చూశారా, చూశారా. మిమ్మల్ని ముగ్గుర్నీ ఇలా ఒక చాప మీద చూడాలనే కదా నా తాపత్రయమంతా."

"నిజమేనయ్యా, నీ వల్లే కలిశాం" అంది ముర్రమ్మ. ఆమె మాట అబద్ధం కూడా కాదు. "పత్రాలు తెచ్చావా?"

"తేకుండా వస్తానా?"

"ఇలా ఇవ్వు, సంతకాలు పెట్టేస్తాం. అన్నట్టు తల్లిబిళ్లలు భద్రమేనా?"

"సంచిలోనే ఉన్నాయి. ప్రాణంలా చూసుకుంటున్నాను."

సూరమ్మ వేరుశనక్కాయ కింద పెట్టింది. "మేలుకొలుపుతున్నారు కదా వాటిని?"

"ఆ?"

"తల్లిబిళ్లని రెండు రోజులకోసారి దాని పెట్టెలో పెట్టి మేలుకొలపాలి. లేకపోతే లోపల ఆట చచ్చిపోతుంది. మీకు తెలియనిదేముంది, ఇంత పెద్ద పొత్తు కుదురుస్తున్నవారు."

ఇక్కడ నక్క 'నాకు తెలియదు' అని ఒక్క మాట అంటే బతికిపోయేవాడు. అంతకంటే ప్రాణమే తేలిగ్గా వదిలేస్తాడు అలాంటివాడు.

"తెలియకేం?" అన్నాడు. "రోజూ పొద్దున్నే లేపుతున్నాను."

"ఏ పెట్టెలో?" అన్నాడు జాంబన్న. "నీకు పెట్టె లేదుగా."

నక్క మీసాలు కిందికి దిగాయి. "అంటే... ఇవాళ లేపుదామనే మీ దగ్గరికి పొద్దున్నే వచ్చాను."

"ఇవాళ్టికి రెండో రోజు అయిపోయింది" అంది ముర్రమ్మ గంభీరంగా. "నాది బురద ఆట. ఇంకా తొందరగా ఎండిపోతుంది."

చచ్చిన ఆటకి సంతలో విలువుండదని మాత్రం పరంధామయ్యకి బాగా తెలుసు. గబగబా సంచి విప్పి మూడు బిళ్లలూ తీసి తనే అందించాడు. "త్వరగా, త్వరగా" అని పైగా తొందరపెట్టాడు. ఎవరి బిళ్ల వాళ్ల పెట్టెలో పెట్టి మీట నొక్కారు. మూడు తెరలూ వెలిగాయి. సూరమ్మ తెర మీద మామిడికాయ దొంగలు గోడ దూకారు.

"బతికున్నాయి" అన్నాడు నక్క, గుండె మీద చెయ్యి వేసుకుని.

"బతికున్నాయి" అంది సూరమ్మ. రెండు రోజుల తర్వాత ఆమె తోక వణుకు ఆగింది. బిళ్ల తీసి బుగ్గలో దాచుకుంది. జాంబన్న తన బిళ్లని గుప్పిట్లో బిగించాడు. ముర్రమ్మ తన బిళ్ల మీద కూర్చుంది.

"మరి సంతకాలు?"

ముర్రమ్మ మూడు పత్రాలూ అందుకుంది. నింపాదిగా నమలడం మొదలుపెట్టింది. "కాస్త ఉప్పు తక్కువైంది" అంది.

అప్పుడర్థమైంది నక్కకి. పళ్లు బయటపెట్టాడు. "ఇవేంటి? విప్పిన పెట్టెలు కదూ. ఒకరి పెట్టె ఒకరు విప్పారన్నమాట. సంతలో చెప్తాను. ముగ్గురికీ ఏడాది అంగడి ఉండదు. అప్పుడు నా కాళ్ల దగ్గరికే వస్తారు."

"చెప్పు" అన్నాడు జాంబన్న. "అయితే శిక్ష కోరాల్సింది ఎవరి పెట్టె విప్పారో వాళ్లు. నా పెట్టె విప్పినవాళ్ల మీద నేను ఏమీ కోరను."

"నేనూ కోరను" అంది సూరమ్మ.

"నేను అసలే కోరను" అంది ముర్రమ్మ కాగితం మింగుతూ. "నేను మూడు తొక్కాను."

నక్క ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. భయం ఉన్నచోట అతనికి మాటలు బాగా వస్తాయి. అక్కడ భయపడేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఖాళీ సంచి భుజాన వేసుకుని తోక ముడిచి నడిచాడు.

అతను కనుమరుగయ్యాక జాంబన్న గొంతు సవరించుకున్నాడు. "ఇంత దాకా వచ్చాక నిజంగానే ముగ్గురం కలిసి ఒక పెట్టె చేస్తే?"

"వద్దు" అన్నారు ఆడవాళ్లిద్దరూ ఒకేసారి.

"నీతో కలిస్తే నా పెట్టె బండరాయవుతుంది" అంది సూరమ్మ. "అక్కతో కలిస్తే నేనే కొట్టంలో ఉంటాను. ఎవరి పెట్టె వాళ్లదే. ఇంకో పని చేద్దాం. ముగ్గురం ఒకే రకం స్క్రూ వాడదాం. పాడైతే బాగుచేసేవాళ్లు పిచ్చివాళ్లవకుండా ఉంటారు. నా పెట్టె ఉన్నవాళ్లు మీ పెట్టెలు ఉన్నవాళ్లతో కలిసి ఆడుకునేలా తీగ కలుపుదాం. కుందేలు నన్ను తిట్టని రోజు లేదు."

"ముంగిస నన్ను తిడుతుంది" అంది ముర్రమ్మ. "సరే. కానీ అమ్మకాల్లో మాత్రం నిన్ను వదలను."

"వదిలితే నాకు తోచదక్కా."

"తేనెటీగ రెక్క మీద గీతలు మాత్రం నా పెట్టెలోనే కనిపిస్తాయి" అన్నాడు జాంబన్న. ఇద్దరూ విననట్టు వేరుశనక్కాయలు వలుచుకున్నారు.

పోటీదారుడి గుట్టు మూడోవాడి నోట వినేవాడు ఆట పోగొట్టుకుంటాడు, వెళ్లి ఆ పోటీదారుడినే అడిగినవాడు నిలబెట్టుకుంటాడు.

మోదుగుల సంతలో నక్క పరంధామయ్య చివరిసారి కనిపించింది ఆషాఢ బహుళ ద్వాదశి, శుక్రవారం, పొద్దున్న పదిన్నరకి.